నలుగురు వికలాంగులకు నాలుగు దుకాణాలు: పెట్టించే ముందు ఆలోచించవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ గ్రామ యువజన సంఘం కొంత సొమ్ము పోగు చేసింది. ఊళ్లో నలుగురు వికలాంగులు ఉన్నారు: వెన్నెముకకు దెబ్బ తగిలి చక్రాల కుర్చీలో తిరిగే ఒక వ్యక్తి, చూపు లేని ఒక మహిళ, వినికిడి, మాట లేని ఒక యువతి, మేధో వైకల్యం ఉన్న ఒక యువకుడు. సొమ్మును నాలుగు సమాన భాగాలు చేసి తలొక చిల్లర దుకాణం పెట్టించాలనుకుంటున్నారు. ఏ సరుకులు పెట్టించాలి, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

నాలుగు దుకాణాలు పెట్టించకండి. ఒకటి, మహా అయితే రెండు నిలబడతాయి. ఎవరికి దుకాణం నడపాలని ఉందో, ఎవరికి వేరే పని మీద మనసుందో ముందుగా విడివిడిగా అడిగి తెలుసుకోండి. ఉన్న సొమ్ములో సగానికి మించి మొదటి రోజున ఖర్చు చేయకండి. మిగిలిన సగం మూడో నెలలోనూ ఆరో నెలలోనూ సరుకు రూపంలో అందేలా పక్కన పెట్టండి. దుకాణం తెరిచిన తరువాత కనీసం ఏడాదిన్నర పాటు నెలకొకసారి వెళ్లి, పక్కన కూర్చుని సరుకు లెక్కపెట్టించగల మనిషి మీ సంఘంలో లేకపోతే ఈ పని తలపెట్టకపోవడమే మేలు.

ఇంత కచ్చితంగా చెప్పడానికి నా తప్పే కారణం. ఈ పనిలోకి వచ్చి 18 ఏళ్లయింది. వచ్చిన కొత్తలో ఒకే గ్రామంలో ఐదుగురికి ఒకే రోజున ఐదు దుకాణాలు తెరిపించాను. పందిరి వేశాం, పెద్దలను పిలిచాం, ఫోటోలు తీయించుకున్నాం. ఐదింటిలోనూ అవే సబ్బులు, అవే ఉప్పు పొట్లాలు, అవే అగ్గిపెట్టెలు. ఎందుకంటే సరుకంతా ఒకే టోకు వ్యాపారి దగ్గర ఒకే చీటీ మీద కొన్నాం. ఆ ఊళ్లో అప్పటికే మూడు దుకాణాలు నడుస్తున్నాయని మాకు తెలియక కాదు, వాటిని లెక్కలోకి తీసుకోలేదంతే. ఆరు నెలలు తిరిగేసరికి ఐదింటిలో మూడు మూతపడ్డాయి. ఊరి జనం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పాపం, వాళ్ల వల్ల ఏమవుతుంది" అన్నారు. లెక్క తప్పింది మాకు, మాట పడింది వాళ్లు.

కాబట్టి మొట్టమొదట లెక్కపెట్టవలసింది కొనేవాళ్లను. ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, ఒక్కో ఇల్లు వారానికి ఏమేమి కొంటుంది, అందులో ఎంత భాగం సంతకో పట్నానికో పోతుంది అన్నవి తెలియకుండా సరుకుల చీటీ రాయడం చీకట్లో బాణం వేయడమే. ఇందుకు పెద్ద సర్వే ఏదీ అక్కర్లేదు. దుకాణం పెట్టబోయే మనిషినే వెంటబెట్టుకుని ఒక ఇరవై ఇళ్లకు వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "పోయిన వారంలో మీకు కావలసి వచ్చి, ఊళ్లో దొరకని వస్తువు ఏది?" ఒక ఊళ్లో ఈ ప్రశ్నకు ఎక్కువమంది చెప్పినవి సైకిలు ట్యూబులు, బడి నోటు పుస్తకాలు, కుట్టుపని దారాలు. అవి పెట్టుకున్న దుకాణం తనకంటే ఐదు రెట్లు పెద్ద దుకాణం పక్కనే ఏ తగువూ లేకుండా బతికింది. ఆ పెద్ద దుకాణం యజమానే తన దగ్గర లేని వాటికి గిరాకీని ఇటు పంపేవాడు. కాబోయే యజమానిని వెంట తీసుకువెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. ఇరవై గుమ్మాల ముందు నిలబడి ప్రశ్న అడిగిన మనిషిని ఊరు ఆ రోజు నుంచి వ్యాపారిగా చూడడం మొదలుపెడుతుంది.

ఇక పెట్టుబడి సంగతి. సొమ్ము ఇచ్చినవారికి నిండుగా ఉన్న అరలు చూస్తే తృప్తిగా ఉంటుంది. వ్యాపారికి మాత్రం అరలో కదలకుండా కూర్చున్న సరుకు నిద్రపోతున్న డబ్బు. వందకు కొని నూట పదికి అమ్మే సరుకులో పెట్టిన వంద నెలకు ఒక్కసారి తిరిగితే పది మిగులుతుంది, వారానికొకసారి తిరిగితే నలభై మిగులుతుంది. అందువల్ల కొద్ది సరుకును తరచుగా తెచ్చుకోవడమే చిన్న దుకాణానికి లాభం. వైకల్యం ఉన్న దుకాణదారుకు అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. సరుకు తేవడానికి వెళ్లాలంటే వాహనానికి ఒక ఖర్చు, తోడు వచ్చే మనిషికి ఒక ఖర్చు, వాళ్లిద్దరూ వెళితే దుకాణం మూసుకోవలసిన పూట ఒకటి. పోటీ దుకాణదారుకు ఈ మూడూ లేవు. నేను చూసిన నష్టాలలో చాలావాటికి మూలం ఈ ప్రయాణపు ఖర్చును ఎవరూ ముందుగా కాగితం మీద రాయకపోవడమే. సరుకు పంపిణీ చేసే బండి మీ ఊరి దారిన ఏ రోజున వెళుతుందో కనుక్కుని, అది దుకాణం ముందు ఆగేలా మాట్లాడండి. అది కుదరకపోతే పక్క ఊళ్ల చిన్న దుకాణాలతో కలిపి ఒకే ఆర్డరు ఫోనులో చెప్పి తెప్పించుకోవచ్చు. ఈ ఏర్పాటు కుదిరిన తరువాతే దుకాణం తెరవండి.

అరువు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ దుకాణాలను మింగేది అదే కనుక. వందకు కొని నూట పదికి అమ్మే వస్తువు ఒకటి అరువులో మునిగితే, ఆ వంద తిరిగి చేతికి రావడానికి మరో పది వస్తువులు నగదుకు అమ్మాలి. ఈ లెక్క దుకాణదారులందరికీ ఒకటే. కానీ వైకల్యం ఉన్న దుకాణదారుకు దీనిమీద మరో రెండు బరువులు పడతాయి. మొదటిది, "ఊరి డబ్బుతో పెట్టిన కొట్టే కదా" అనే ధోరణి. చందా ఇచ్చినవాడు అరువు తన హక్కు అనుకుంటాడు, దుకాణదారు కాదనడానికి మొహమాటపడతారు. రెండోది, బాకీ వసూలుకు ఇల్లిల్లూ తిరగడం నడవలేనివారికి, చూపు లేనివారికి కష్టం. ఆ సంగతి బాకీ ఉన్నవాళ్లకూ తెలుసు. అసలు అరువే ఇవ్వవద్దనే సలహా వినడానికి బాగుంటుంది కానీ, కూలి డబ్బులు వారానికోసారి చేతికి వచ్చే చోట అది సాగదు. మేము చేసింది ఇది: మొత్తం అరువు సరుకు విలువలో ఐదో వంతు దాటకూడదని, ఒక్కో ఇంటికి ఒక హద్దు ఉండాలని, పాత బాకీ తీరకుండా కొత్త అరువు లేదని సంఘం తరఫున తీర్మానం చేసి, దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి దుకాణంలో వేలాడదీశాం. అప్పుడు దుకాణదారు "నాకు ఇవ్వాలనే ఉంది, సంఘం ఒప్పుకోదు" అనగలుగుతారు. కాదన్న నిష్ఠూరం సంఘం మోస్తుంది. మీరు సొమ్ము ఇవ్వడం కంటే ఈ నిష్ఠూరం మోయడం వారికి ఎక్కువ సాయం అని నా అభిప్రాయం.

అరువు తరువాత దుకాణాన్ని తినేది ఇల్లు. ఇంట్లో సబ్బు అయిపోతే దుకాణంలోనిదే తీస్తారు, నూనె అయిపోతే దుకాణంలోని సీసానే విప్పుతారు, ఎవరికైనా జ్వరం వస్తే గల్లాపెట్టె తెరుస్తారు. దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం అన్యాయం. తిండికి కటకటగా ఉన్న ఇంట్లో సరుకు పెట్టి ముట్టుకోవద్దంటే ఎవరు ఆగగలరు? బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో నిరుపేద కుటుంబాల కోసం మొదలుపెట్టిన కార్యక్రమంలో జీవనోపాధికి ఒక ఆస్తి ఇవ్వడంతో పాటు, తొలి నెలల్లో ఇంటి ఖర్చుకు కొద్దిపాటి భత్యం, శిక్షణ, సుమారు రెండేళ్ల పాటు క్రమం తప్పని సందర్శనలు కలిపి ఇచ్చారు. ఇదే పద్ధతిని ఇథియోపియా, ఘనా, హోండురస్, భారత్, పాకిస్తాన్, పెరూలలో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిన ఏడాది తరువాత కూడా ఆ కుటుంబాల ఆదాయమూ తిండీ మెరుగ్గానే ఉన్నట్టు అందులో తేలింది. ఆ భత్యం ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు, దానం మీద దానం అనుకున్నాను. దుకాణాన్ని ఇల్లు తినేయకుండా కాపాడే కంచె అని తరువాత తెలిసింది. మీ సొమ్ములో మొదటి మూడు నెలల ఇంటి ఖర్చుకు కొంత కేటాయించండి. ఆపైన ఇంటికి తీసే ప్రతి వస్తువునూ అరువు పుస్తకంలో సొంత పేరు మీదే రాసుకునే అలవాటు చేయించండి.

దుకాణం ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో 1936లో వచ్చిన ర్యాండాల్ఫ్-షెపర్డ్ చట్టం ప్రభుత్వ భవనాలలో చిన్న అమ్మకపు దుకాణాలు నడుపుకోవడానికి చూపు లేనివారికి ప్రాధాన్యం ఇచ్చింది. అందులో మనం గ్రహించవలసింది, వాళ్లకు దొరికింది జనం ఎలాగూ వచ్చి తీరే చోటు అని. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ కూడా వృత్తి, వ్యాపారాల కోసం రాయితీ మీద ఇచ్చే స్థలాలలో 5 శాతం, పేదరిక నిర్మూలన పథకాలలో 5 శాతం నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికి కేటాయించాలని చెబుతుంది. బడి, ఆరోగ్య కేంద్రం, బస్సు ఆగే చోటు, పంచాయతీ కార్యాలయం లాంటి వాటి దగ్గర నాలుగు అడుగుల జాగా అడిగి సాధించడం యువజన సంఘం చేయగల పని. సొమ్ము ఖర్చు కానిది, అన్నిటికంటే విలువైనది అదే.

అయితే చోటుకు ఇంకో కొలత ఉంది. దాన్ని నేను ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. నడుము కింది భాగం చచ్చుబడిన ఒకాయనకు నాలుగు దారులు కలిసే చోట దుకాణం పెట్టించాం. మొదటి రెండు నెలలూ అమ్మకాలు మేము అనుకున్నదానికి రెట్టింపు. మూడో నెలలో తలుపు మూసి ఉంది. ఇంటికి వెళితే బోర్లా పడుకుని ఉన్నారు. పిరుదు మీద అరచేయంత పుండు. మరుగుదొడ్డి ఇంటి దగ్గర తప్ప లేదు, దుకాణం నుంచి ఇంటికి చక్రాల కుర్చీలో అరగంట దారి. అందుకని పొద్దుటి నుంచి రాత్రి దాకా నీళ్లు తాగడం మానేసి, గిరాకీ పోతుందని కదలకుండా చెక్క బల్ల మీద కూర్చున్నారు. స్పర్శ లేని శరీరం నొప్పి చెప్పదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, దాని మీద పుండు, వెరసి నాలుగు నెలలు మంచం. కాబట్టి "జనం ఎక్కడ తిరుగుతారు" అని అడిగిన వెంటనే "మరుగుదొడ్డి ఎంత దూరం" అని అడగండి. మహిళలైతే ఆ ప్రశ్నే ముందు అడగండి. కూర్చోవడానికి సరైన మెత్త ఉండాలి. చేతులు ఊని శరీరాన్ని పైకి లేపడమో, పక్కకు ఒరగడమో అరగంటకొకసారైనా చేయాలి. ఆయన తరువాత ఒక కిటుకు కనిపెట్టారు: గిరాకీ వచ్చి వెళ్లిన ప్రతిసారీ చేతులు ఊని లేవడం. రోజుకు ఎన్నిసార్లు లేచారో సాయంత్రం గల్లా చూసి చెప్పేవారు.

దుకాణం కొలతల విషయంలో వడ్రంగికి నోటితో చెప్పి ఊరుకోకుండా, చక్రాల కుర్చీతో సహా మనిషిని అక్కడ కూర్చోబెట్టి గుర్తులు పెట్టించండి. ర్యాంపు ఒకటికి పన్నెండు వాలులో ఉండాలి. అంటే గడప 30 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 360 సెంటీమీటర్ల పొడవు. అంత జాగా లేదని నిటారుగా కట్టించిన ర్యాంపులు చాలా చూశాను, వాటి మీద ఎక్కేది మేకలే. లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ కావాలి. కూర్చుని అందుకునేవారికి అరలు నేల నుంచి 40 సెంటీమీటర్లకు పైన, 120కి లోపల ఉండాలి. ఆ పైన ఖాళీ గోడ కనిపించిందని అర కొట్టించకండి. అక్కడ పెట్టిన సరుకు కోసం ప్రతిసారీ గిరాకీనే లోపలికి పిలవాల్సి వస్తుంది.

చూపు లేని మహిళ గురించి మీరు "ఆమెను మోసం చేస్తారేమో" అని రాశారు. ఆ భయం సహజమే. నేను దాదాపు మూడేళ్ల పాటు నెలనెలా సరుకు లెక్కపెట్టించిన ఒకామెకు చూపు పూర్తిగా లేదు. ఆమె దుకాణంలో ఏ వస్తువూ జాగా మారదు. ఎడమ చేతి కింద సబ్బులు, వాటి తరువాత రెండు వేళ్ల ఖాళీ, తరువాత కొవ్వొత్తులు. సాయం చేస్తున్నామనుకుని ఎవరైనా సర్దితే ఆ రోజు వ్యాపారం పాడైనట్టే. విడిగా తూచి ఇచ్చేవాటిని ముందు రోజు రాత్రే నిర్ణీత తూకంలో పొట్లాలు కట్టి, మూతికి కట్టిన ముడుల సంఖ్యను బట్టి గుర్తుపట్టేవారు. నోటు చేతికి రాగానే విలువ పైకి చెప్పమని అడిగి, పొడవు వేలితో కొలిచి, ఒక్కో విలువకు ఒక్కో రకంగా మడత పెట్టి వేర్వేరు అరల్లో వేసేవారు. ఎవరైనా తప్పు చెబితే మారు మాట్లాడకుండా నోటు వెనక్కి చాచి పట్టుకునేవారు. అక్కడ నిలబడిన మిగిలినవాళ్లు చూసేవారు. అంతకంటే ఆమె చేయవలసింది లేకపోయింది. ఇప్పుడు నోటును ఫోను కెమెరాకు చూపిస్తే విలువ చదివి చెప్పే యాప్‌లు ఉన్నాయి, ఫోనుకు వచ్చే చెల్లింపులను గట్టిగా చెప్పే పెట్టెలు ఉన్నాయి. ఇవి ఆమె పనిని ఇంకా తేలిక చేస్తాయి.

ఆమెకు నష్టం జరిగింది బయటివాళ్ల వల్ల కాదు. ఒక నెల సరుకు లెక్కలో అమ్మకానికీ గల్లాకూ పొంతన కుదరలేదు. రెండో నెలలోనూ అంతే. మూడో నెలలో నేను పక్కన కూర్చుని ఒక్కో వస్తువూ ఆమె చేతికి ఇచ్చి లెక్కపెట్టిస్తుంటే, సగంలో ఆపి "తెలుసులెండి, మా మరిది సాయంత్రం పూట గల్లా చూస్తాడు" అన్నారు. గొంతులో కోపం లేదు. దుకాణం ఇంటి అరుగు మీద ఉంది, ఇల్లు వాళ్లది. అడిగితే దుకాణమే ఉండదు. మేము చేయగలిగింది ఏమిటంటే, అద్దె అని పేరు పెట్టి ఇంటికి నెలకు ఇంత అని నిర్ణయించి, ఆమె చేతి మీదుగా ఇప్పించడం, బ్యాంకు ఖాతా ఆమె పేరుతోనే తెరిపించడం. మరిది చేయి గల్లాలోంచి పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. ఖాతా తెరవడానికి సంరక్షకుడి సంతకం కావాలని బ్యాంకు సిబ్బంది అడ్డుపడితే వెనక్కి రాకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం సొంత ఆర్థిక వ్యవహారాలు నడుపుకునే హక్కును, బ్యాంకు రుణాలు పొందడంలో సమాన అవకాశాన్ని గుర్తిస్తుంది. 27వ అధికరణం స్వయం ఉపాధినీ సొంత వ్యాపారాన్నీ ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెబుతుంది.

వినికిడి లేని యువతికి దుకాణం నడపడంలో పెద్ద ఇబ్బందులేమీ ఉండవు. ప్రతి వస్తువు మీద ధర కనబడేలా చీటీ, పెద్ద అంకెల కాలిక్యులేటరు, రాసి చూపించుకోవడానికి ఒక పలక, వచ్చేవాళ్లను ఎదురుగా చూసేలా కూర్చునే చోటు ఉంటే చాలు. అసలు ప్రశ్న ఆమెకు దుకాణం ఇష్టమా అన్నది. నాకు తెలిసిన ఒక యువతి ఇంట్లోవాళ్లు అన్నిటికీ తలూపమంటే తలూపింది. సైగల భాష తెలిసిన మనిషిని తీసుకువెళ్లిన రోజున మాత్రం, రోజంతా ఒక్కచోట కూర్చోవడం తన వల్ల కాదని, కుట్టుపని నేర్చుకుంటానని గబగబా చేతులతో చెప్పింది. ఆమె బదులు ఇంకెవరో జవాబు చెబితే ఆ జవాబు తీసుకోకండి.

మేధో వైకల్యం ఉన్న యువకుడికి ఒంటరిగా దుకాణం అప్పగించడం ఇద్దరికీ అన్యాయమే, అతనికీ ఆ సొమ్ముకీ. అలాగని పక్కన పెట్టవద్దు. పది రకాలకు మించని సరుకు, గుండ్రటి ధరలు, ఏ నోటుకు ఏ వస్తువో బొమ్మలతో చూపించే అట్ట ఉంటే చాలామంది చక్కగా అమ్మగలరు. లేదా మరొకరి దుకాణంలో బరువులు మోయడం, సర్దడం, ఇళ్లకు సరుకు చేరవేయడం లాంటి పని వాటా మీద చేయవచ్చు. వాటా ఎంతో కాగితం మీద రాసుకోవాలి; అన్నం పెడుతున్నాం కదా అనే మాట దగ్గర అతని కూలి ఆగిపోకూడదు.

దుకాణం ఆదాయం మొదలైతే ఇప్పటికే వస్తున్న పింఛను ఏమవుతుందో ముందే అధికారుల దగ్గర కనుక్కుని రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని పథకాలకు ఆదాయ పరిమితి ఉంటుంది. వచ్చే లాభం కంటే పోయే పింఛను ఎక్కువైతే, వాళ్ల ఇంటికి మీరు చేసింది నష్టమే.

మీ ఊరి విషయానికి వస్తే, నేనైతే ఇలా మొదలుపెడతాను. చూపు లేని మహిళకూ చక్రాల కుర్చీలోని ఆయనకూ ఇష్టమైతే ఆ ఇద్దరినీ ఇళ్ల సర్వేకు తీసుకువెళతాను, దుకాణాలు రెండూ వేర్వేరు సరుకులతో ఉండేలా చూస్తాను. ఆయన దుకాణానికి సరుకు చేరవేసే పనికి ఆ యువకుణ్ణి వాటా మీద తీసుకోవడం కుదురుతుందేమో ఇద్దరినీ అడుగుతాను. యువతితో మాట్లాడడానికి సైగల భాష తెలిసిన మనిషి ఎక్కడ దొరుకుతారో వెతుకుతాను. ఈ నాలుగూ చేసి, ఇరవై ఇళ్లలో వచ్చిన జవాబులను ఇక్కడ రాయండి. సరుకుల చీటీ అప్పుడు కలిసి వేద్దాం.